పదమూడో బొమ్మ

"పొద్దుట్నించీ ఏం వెలగబెట్టావే?" అన్నాడు బుల్లియ్య, కంచం ముందు కూర్చుంటూ. కోపంతో అనలేదు. కోపంతో అంటే ఎదురు చెప్పొచ్చు. ఉప్పు అందుకోమన్నట్టు, నీళ్ళు పెట్టమన్నట్టు, రోజూ అలవాటుగా అనే మాటే అది.

అప్పాయమ్మ కంచంలో వడ్డించింది. చెప్పడం మొదలుపెడితే అతని కూడు చల్లారుతుంది, తన పని ఆగుతుంది. చెప్పాలంటే చాలానే ఉంది. వాకిలి ఊడ్చింది. రేవు నుంచి నాలుగు కడవలు మోసింది. పడవ రాగానే చేపలు ఏరింది, పెద్దవాటిని గంపకెత్తింది, చిన్నవాటిని ఇసుకలో ఎండబోసి కాకుల్ని తోలింది, గంప నెత్తినెట్టుకుని రెండు ఊళ్ళు తిరిగింది, తిరిగొచ్చి ఈ కూడు వండింది. చేప పట్టింది బుల్లియ్యే, కాదనేదెవరు? కానీ పట్టిన చేప తనంతట తాను కంచంలోకి నడిచి రాదు. ఈ సంగతి వశిష్ఠ గోదావరి ఒడ్డున ఆ పాలెంలో ఏ మగాడికీ తట్టలేదు. తట్టినవాడెవడైనా ఉంటే బయటికి చెప్పలేదు.

అన్నిటికంటే పెద్ద పని వల. జనప నూలు వడికి, వెదురు పుల్లతో కన్ను తర్వాత కన్ను వేసుకుంటూ ఆరు నెలలు కూర్చుంటే ఒక వల అవుతుంది. నేసేది ఆడవాళ్ళే. అయ్యాక గంగమ్మకి మొక్కి నీళ్ళలోకి దించుతారు. ఆ రోజు నుంచి అది బుల్లియ్య వల. నేసిన చెయ్యి దాన్ని ముట్టుకోకూడదు, నేసిన మనిషి దాన్ని దాటకూడదు. "చుట్టు తిరిగి పో" అనేది అత్త మహాలక్ష్మమ్మ. కోడలు కాపురానికొచ్చిన పద్నాలుగేళ్ళలో ఆ ఒక్క మాట ఎన్ని వేలసార్లు అనుంటుందో. ఆవిడ చేతిలో ఎప్పుడూ నూలే ఉండేది. కళ్ళకి పొర కమ్మినా వేళ్ళతో తడుముకుంటూ నేసేది. పాలెంలో అంత నేర్పరి ఇంకొకత్తె లేదు. అయినా తను నేసిన వల చుట్టూ తనూ తిరిగే వెళ్ళేది.

ఇదంతా మద్రాసుకి రైలు కొత్తగా పడిన ఏడాది సంగతి. ఆ ఏడే అప్పాయమ్మకి వారంలో ఒక పూట దొరికింది. ఎవరో దానం చేస్తే కాదు. ఒక తుప్పు డబ్బా మీద చెయ్యి వేస్తే దొరికింది.

పాలేనికి కోసెడు దూరంలో, రెండు మైళ్ళ నడకలో, సూర్యనారాయణరాజు గారి లోగిలి ఉంది. ఆదివారం ఆదివారం అప్పాయమ్మ వాళ్ళ పెరటి గుమ్మంలో చేపలు తోమి ఇచ్చేది. రాజుగారి భార్య సూర్యకాంతమ్మ ఘోషాలో ఉండే మనిషి. పెరటి గోడ దాటి బయటికి రాదు. పదేళ్ళప్పుడు ఆ ఇంటికి మూసిన బండిలో వచ్చింది, నలభై దాటినా ఆ ఊరి వీధి ఎలా ఉంటుందో ఎరగదు. కొడుకులిద్దరూ రాజమహేంద్రవరంలో చదువుకుంటున్నారు. ఆవిడకి తోడు పాపాయి. పాపాయి ఆ ఇంట్లోనే పుట్టిన దాసి, రోకలి తనది, తిరగలి తనది, అందరి తిట్లూ తనవి.

ఆ ఆదివారం పాపాయి కొట్టుగదిలో చెదలు దులిపి సామాన్లు ఎండలో పెట్టింది. వాటిలో ఒక వింత పీపా ఉంది. రేకుతో చేసిన గుండ్రటి డబ్బా, మూత లేదు, కింద ఒక కర్ర కాలు. డబ్బా చుట్టూ నిలువుగా పన్నెండు సన్నటి సందులు. పిల్లల చిన్నతనంలో రాజుగారు మద్రాసు నుంచి తెచ్చిన ఆటవస్తువట. లోపలి గోడకి ఒక కాగితం పట్టీ ఆనించాలి. పట్టీ మీద పన్నెండు బొమ్మలుంటాయి, ఒకదానికీ పక్కదానికీ కాస్త కాస్త తేడాతో. డబ్బాని గిర్రున తిప్పి సందుల్లోంచి చూస్తే పన్నెండూ కలిసిపోయి ఒకే బొమ్మ కదిలినట్టుంటుంది. గుర్రం దూకే పట్టీ, టోపీ దొర గంతులేసే పట్టీ ఉండేవని సూర్యకాంతమ్మ చెప్పింది. ఇప్పుడు గుర్రాన్నీ దొరనీ చెదలు తినేశాయి. ఖాళీ డబ్బా మిగిలింది.

"తిరుగుతుందో లేదో చూడవే" అంది పాపాయి. అప్పాయమ్మ తడి చేత్తోనే తిప్పింది. వేళ్ళకున్న పొలుసులు నాలుగు లోపలి గోడకి అతుక్కున్నాయి. సందులోంచి చూసింది. నాలుగు పొలుసులు మినుక్కుమంటూ ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. చచ్చిన చేప ఒంటి మీద పొలుసులు, బతికున్నప్పటికంటే చురుగ్గా. ఆమె ఇంకోసారి తిప్పింది. తర్వాత పాపాయి చూసింది. తర్వాత సూర్యకాంతమ్మ నీచు వాసన లెక్కచెయ్యకుండా వచ్చి, కుడిపక్క అప్పాయమ్మ, ఎడమపక్క పాపాయి ఉండగా ముక్కాలిపీట మీద కూర్చుని వంగి చూసింది.

"మనమే ఒక పట్టీ చేద్దామా?" అంది.

ఆ 'మనం' అప్పాయమ్మకి కొత్త. పాలెంలో 'మనం' అంటే మగాళ్ళు, వాళ్ళ పడవలు. లోగిట్లో 'మనం' అంటే రాజులు.

మొదటి రెండు ఆదివారాలూ చెడగొట్టుకోవడంతోనే సరిపోయాయి. పాపాయికి చిలక కావాలి. ఉల్లిపొట్టుతో పన్నెండు చిలకలు అతికించారు, తిప్పితే ఏదో పిట్ట మూర్ఛపోయినట్టుంది. సూర్యకాంతమ్మ రథం అంది. అది కూలిపోయింది. మూడో వారం అప్పాయమ్మకే విసుగొచ్చి, చిలకా వద్దు రథమూ వద్దు, చుక్కలు పెడదాం, గీతలు పెడదాం, దేనిలాగా ఉండక్కర్లేదు, కదిలితే చాలు అంది. మిగతా ఇద్దరూ ఆమె మొహంలోకి చూశారు. ఆమె మాట విని ఒప్పుకున్నారు. ఒక ఆలోచన ఆమెకి రావడం, అది ఇంకొకళ్ళకి నచ్చడం, నచ్చిందని వాళ్ళు పైకి చెప్పడం, మూడూ ఒక్కరోజే జరిగాయి.

సామాను కోసం ఎక్కడికీ వెళ్ళలేదు. ఊడ్చి పారేసేదే సామాను. చేప పొలుసులు, పగిలిన గాజుముక్కలు, చింతగింజ పొట్టు, ఊక, ఆల్చిప్పల పెచ్చులు, రాజుగారు చించి పారేసిన దావా కాగితాల వెనకవైపు. పాపాయి గంజి చిక్కగా కాచేది, ఎక్కడ ఎంత రాయాలో ఆమె వేలికే తెలుసు. సూర్యకాంతమ్మ కాగితం కోసేది, ఏ రంగు పక్కన ఏ రంగో చెప్పేది. కొలత అప్పాయమ్మది. చుక్కని బొమ్మ బొమ్మకీ ఎంత జరపాలి? కళ్ళతో అంచనా వేస్తే గంతులేస్తోంది. అప్పుడామె ఇంట్లో మూలపడేసిన పాత వల ముక్క ఒకటి తెచ్చి కాగితం మీద బిగించి పరిచింది. చుక్కని ఒక్కో బొమ్మకీ ఒక్కో కన్ను జరుపుకుంటూ పోయింది. తిప్పితే చుక్క నీళ్ళ మీద జారినట్టు జారింది. ముగ్గురిలో ఏ ఒక్కరు రాకపోయినా పని సాగేది కాదు. ఒకరోజు పాపాయికి జ్వరమొస్తే తక్కిన ఇద్దరూ గంజి ఉడికించలేక దాన్ని ముద్ద చేసి పారేశారు.

దెబ్బలాడుకునేవాళ్ళు కూడా. "తమరు పొలుసు తిరగేశారండి" అనేది అప్పాయమ్మ. "తిరగేస్తేనేం, మెరుపు అటుపక్కే ఉంది" అనేది సూర్యకాంతమ్మ. పాపాయి ఎవరిది తప్పో చెప్పకుండా ఇద్దర్నీ ఎగతాళి చేసేది. రాజుగారొకసారి పెరట్లోకి తొంగిచూసి, ఈ వయసులో బొమ్మలాటేంటి అని నవ్వి పోయారట. ఆయన నవ్వి పోయినందుకు ఆ ఇంట్లో అందరూ ఆయన్ని మంచివాడన్నారు. అడ్డుపడకపోవడమే మంచితనమైతే గోడ కూడా మంచిదే.

అప్పాయమ్మ కృతజ్ఞత అటువైపు పోలేదు. తిరిగొచ్చేటప్పుడు ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని గట్టు మీద నడుస్తుంటే, ఛాతీలో ఏదో నిండుగా ఉండేది, దానికి పేరు తెలిసేది కాదు. పాపాయి గుర్తొచ్చేది. తన దంపుడు పని పూర్తికాకపోయినా మధ్యాహ్నం వదులుకుని, రాత్రి మేలుకుని దంచుకునే పాపాయి. సూర్యకాంతమ్మ గుర్తొచ్చేది. "నువ్వు చెప్పు అప్పాయమ్మా, తర్వాతేం చేద్దాం" అని పెదవుల మీదికి ఎగతాళి నవ్వు రాకుండా అడిగే మనిషి. ఈ లోకంలో తన్ని ఎవరైనా ఏదైనా అడిగారంటే కూడో, నీళ్ళో, కొడుకో అడిగారు. తర్వాతేం చేద్దామని అడిగినవాళ్ళు ఈ ఇద్దరే. ఈ ఇద్దర్నీ ఇచ్చినందుకు గోదావరికి, చెదలకి, తడి వేలికి అంటుకున్న పొలుసుకి, అన్నిటికీ దండం పెట్టుకోవాలనిపించేది. పెట్టుకునేది కూడా, గంప జారకుండా ఒక్క చేత్తో.

ఫాల్గుణంలో పట్టీ పూర్తయింది. డబ్బాలో పెట్టి తిప్పారు. సూర్యకాంతమ్మ చూస్తూ చూస్తూ తల ఎత్తి, "ఇది ఆగట్లేదేంటి?" అంది.

నిజమే. చుక్కలు ఉన్నచోటే కదలడం మానేసి, డబ్బా చుట్టూ ఒకేవైపు నడిచిపోతున్నాయి. ఒక వరస పోతే వెనక ఇంకో వరస, దాని వెనక ఇంకోటి. సూర్యకాంతమ్మ పట్టీ తీసి లెక్కపెట్టింది. "సందులు పన్నెండు. నువ్వు బొమ్మలు పదమూడు వేశావే."

అప్పాయమ్మ నాలిక కరుచుకుంది. వాళ్ళింట్లో వల నేసేటప్పుడు ప్రతి పన్నెండు కన్నులకీ ఒకటి ఎక్కువ వేస్తారు, గంగమ్మ పేరున. అత్త నేర్పిన పద్ధతి. వల పరిచి కొలిచేసరికి చెయ్యి తన అలవాటు ప్రకారం పదమూడు వేసేసింది. తప్పయిపోయిందండి, విప్పేస్తానండి అంది. సూర్యకాంతమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. మళ్ళీ తిప్పింది. చాలాసేపు చూసింది. "గోదావరి ఇలాగే ఉంటుందా?" అని అడిగింది. ముప్పై ఏళ్ళుగా ఆ నదికి కోసెడు దూరంలో బతుకుతున్న మనిషి.

"ఇంతకన్నా మురిగ్గా ఉంటుందండి" అంది అప్పాయమ్మ.

చైత్రం వచ్చింది. ఎండలు ముదిరాయి, పైన ఆనకట్ట దగ్గర నీళ్ళు ఆపేశారు, రేవులో ఇసుక తేలింది. నీళ్ళు తగ్గితే చేపలు తగ్గుతాయి. ఏటా జరిగేదే. కానీ ఈ ఏడు పాలేనికి ఒక కారణం దొరికింది. కులపెద్ద అమ్మిరాజు బుల్లియ్యని పిలిచి, గంగమ్మకి మొక్కిన వల ముక్కని నీ పెళ్ళాం రాజుల లోగిట్లో ఆటలకి వాడుతోందట, అందుకే తల్లి చేపని దాచేసింది అన్నాడు. ఆ పట్టీని తెచ్చి గంగమ్మ గుడి ముందు కాల్చాలి. ఇకమీద ఆ గుమ్మం తొక్కనని అప్పాయమ్మ ప్రమాణం చెయ్యాలి. నలుగురిలో ఆ మాట వినేసరికి బుల్లియ్య మొహం మాడిపోయింది. చెడ్డవాడు కాదు, చెయ్యెత్తే రకం కాదు. నలుగురిలో చిన్నబోవడమొక్కటే భరించలేడు. ఇంటికొచ్చి, "వచ్చే ఆదివారం అది పట్టుకొచ్చెయ్" అన్నాడు. "అమ్మ కూడా వస్తుంది. నిన్ను నమ్మలేక కాదు."

నమ్మలేకే.

ఆ వారమంతా అప్పాయమ్మకి చేతులు పనిచేశాయి, మనసు పనిచెయ్యలేదు. పట్టీ కాలిపోతే మళ్ళీ చేసుకోవచ్చు. ప్రమాణం అలా కాదు. గంగమ్మ ముందు అన్న మాట తిరిగి మింగడం ఆమె వల్ల కాదు, వాళ్ళకి ఆ సంగతి తెలుసు. తెలిసే అడిగారు. ఆ మధ్యాహ్నం పోతే వారంలో ఏడు రోజులూ ఒకటే రోజు. లోగిట్లో ఆవిడకి మళ్ళీ గోడ. పాపాయికి రోకలి. ఇంకో ఆలోచన కూడా వస్తే సిగ్గుపడింది. నిజంగానే తన వల్లే చేప పోయిందేమో. మనిషిని ఏళ్ళ తరబడి ఒకే మాట అంటూ వస్తే, ఆ మాట ఆమె నోట్లోంచే వస్తుంది.

ఆదివారం అత్తాకోడళ్ళిద్దరూ గట్టు మీద నడిచారు. దారిలో మహాలక్ష్మమ్మ ఒక్కటే మాట అంది, నీకేం తక్కువైందని. అంతలో లోగిలి వచ్చింది.

సంగతి విన్న సూర్యకాంతమ్మ మొహం పాలిపోయింది. పాపాయి కొంగు నోట్లో కుక్కుకుంది. ఎవరూ బతిమాలలేదు. కాల్చేముందు పెద్దావిడ ఒకసారి చూస్తే బాగుంటుందని మాత్రం సూర్యకాంతమ్మ అంది. మహాలక్ష్మమ్మ విసుక్కుంటూనే కూర్చుని సందుకి కన్ను ఆనించింది. అప్పాయమ్మ తిప్పింది.

ముసలావిడ పొర కమ్మిన కంటికి కూడా పొలుసుల మెరుపు ఆనింది. ఆగితే తిప్పమన్నట్టు చేత్తో సైగ చేసింది. మూడుసార్లు తిప్పించుకుంది. నాలుగోసారి డబ్బా మీద అరచెయ్యి వేసి ఆపేసి, "కుంటుతోంది" అంది.

ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడ పట్టీని బయటికి తీసి ఒళ్ళో పరుచుకుంది. కళ్ళు మూసుకుని మొదటి బొమ్మ నుంచి వేళ్ళతో తడుముతూ పోయింది, పొలుసు తర్వాత పొలుసు. ఎనిమిదో బొమ్మ దగ్గర వేళ్ళు ఆగాయి. "ఇక్కడ రెండు కన్నులు జరిపారు. ఒకటి మింగేశారు. ఎవరి పని ఇది?"

ఆ బొమ్మ వేసిన వారం కొలతకి వల పట్టుకుంది సూర్యకాంతమ్మ. రాజుగారి భార్య, ముప్పై ఏళ్ళుగా ఆ లోగిట్లో ఎవరూ తప్పు పట్టని మనిషి, చెయ్యి ఎత్తి చూపించింది. "నేనేనమ్మా."

"తమరు తొందరపడ్డారండి" అంది మహాలక్ష్మమ్మ. "వలకి తొందర పనికిరాదండి అమ్మగారు. పాపాయీ, నీళ్ళు తే. ఇది నానబెట్టి ఊడదీయాలి." తర్వాత పట్టీ మొత్తం ఇంకోసారి తడిమి, పదమూడో బొమ్మ దగ్గర వేళ్ళుంచి కోడలివైపు తిరిగింది. "గంగమ్మది వెయ్యడం మర్చిపోలేదే" అంది. పద్నాలుగేళ్ళలో ఆవిడ కోడల్ని మెచ్చుకోవడం అదే మొదలు. మెచ్చుకున్నట్టు ఆవిడకి తెలియదు. కాగితం వైపు వంగిపోయింది.

అప్పాయమ్మ అత్త పక్కన నేల మీద కూర్చుని వల ముక్క బిగించి పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోడానికి చేతులు ఖాళీ లేవు. పట్టుకుని కూర్చోవడం కంటే ఆ క్షణంలో ఆమెకి కావలసింది ఇంకేమీ లేదు. ఎనిమిదో బొమ్మ సగం ఊడేసరికి పొద్దు వాలింది. మిగతాది వచ్చే వారం అంది మహాలక్ష్మమ్మ, గంజి చేతులు కడుక్కుంటూ.

పాలెం చేరేసరికి గంగమ్మ గుడి ముందు అమ్మిరాజు, బుల్లియ్య, ఇంకో పదిమంది కూర్చుని ఉన్నారు. పుల్లలు పేర్చి సిద్ధంగా పెట్టారు.

"తెచ్చారా?" అన్నాడు అమ్మిరాజు.

"లేదురా" అంది మహాలక్ష్మమ్మ. "ఒక బొమ్మ తప్పు పోయింది. సరిచెయ్యడానికి వచ్చే ఆదివారం నేనూ వెళ్ళాలి."

"మొక్కిన వల పిన్నీ అది."

"మీ కోళ్ళ గంప మీద కప్పింది ఏ వలరా? మా మావ మొక్కి దించిన వల. నేను నేసింది. దాని మీద నీ కోళ్ళు రెట్టలేస్తే గంగమ్మకి కోపం రాలేదు గానీ, ముగ్గురాడాళ్ళు కూర్చుని దాంతో ఒక మంచి పని చేస్తే వచ్చిందా?"

ఎవరో వెనక నవ్వారు. అమ్మిరాజు పుల్లల్లో ఒకటి తీసి విరిచాడు. ఏం చెయ్యాలో తెలియనప్పుడు మగాళ్ళు ఏదో ఒకటి విరుస్తారు. చివరికి, ముసలావిడ సంగతి వదిలెయ్యండి, ప్రమాణం చెయ్యాల్సింది కోడలు కదా, ఆమెనే అడగమన్నాడు.

అందరూ అప్పాయమ్మవైపు తిరిగారు. బుల్లియ్య కూడా. అత్త ముందు నిలబడి ఉంది, ఆ వెనక ఊరికే నిలబడితే చాలు, గండం గడిచిపోతుంది. అత్త అన్నది, అత్తే చూసుకుంటుంది. అలా అయితే ఆదివారం అత్తదవుతుంది. రేపు అత్త పోతే ఆదివారమూ పోతుంది. అప్పాయమ్మ గంప కింద పెట్టింది. అత్తకి మనసులోనే దండం పెట్టుకుని, ఆవిడ వెనక నుంచి పక్కకి వచ్చి నిలబడింది.

"నేను ప్రమాణం చెయ్యను" అంది. గొంతు పెద్దగా లేదు, కానీ అందరికీ వినపడింది. "చేపలు తోముతాను, గంప మోస్తాను, వల నేస్తాను. ఆదివారం మధ్యాహ్నం మాత్రం నాది. దాన్ని ఎవరికీ ఇవ్వను."

బుల్లియ్య ఆమెని చూశాడు, తల్లిని చూశాడు, నలుగురినీ చూశాడు. నలుగురూ ఇసుకలోకి చూస్తున్నారు.

"మరి ఆదివారం నా కూడు?" అన్నాడు.

"వండి ఉట్టి మీద పెట్టి వెళ్తాను మావా. దించుకో."

అతను కోపంతో కాదు, నిజంగానే తెలియక అడిగాడు.

"మనింట్లో ఉట్టి ఎక్కడుంది?"